అయ్యగారు ఆగిన చోట

నా పెళ్ళికి అడ్డం పడింది ఒక్క పేరు. అది జిరాయర్ పేరు కాదు, నా పేరూ కాదు. మేమిద్దరం ఎన్నడూ కళ్ళతో చూడని ఒక పెద్దాయన పేరు.

మాలో పెళ్ళయినా చావయినా ప్రార్థన చివర అయ్యగారు పీఠాధిపతి పేరు చదివి, ఆయన్ని చల్లగా చూడమని దేవుణ్ణి అడుగుతారు. నాకు బుద్ధి తెలిశాక అక్కడ ఎవరూ చెవి పెట్టి విన్నది లేదు. ఆ వేళకి ఆడవాళ్ళు పిల్లల ముక్కులు తుడుస్తూ ఉంటారు, మగవాళ్ళు సిగరెట్ల కోసం జేబులు తడుముకుంటూ ఉంటారు. ఆర్మేనియన్లకి పీఠాలు ఎప్పటినుంచో రెండు. ఒకటి మా సొంత దేశంలో, రష్యావాళ్ళ చేతికింద. ఇంకోటి ఇక్కడ బేరూత్ పక్కన, సముద్రం ఒడ్డున. మా పెళ్ళికి రెండేళ్ళ ముందు ఇక్కడి పీఠానికి కొత్త పెద్దని ఎన్నుకునే దగ్గర తగువొచ్చింది. అప్పట్నుంచీ ఆ పేరు చదివే చోటికి వచ్చేసరికి గుడి గుడంతా ఊపిరి బిగబట్టేది. ఇక్కడి పేరు చదివితే సగంమంది లేచి బయటికి పోయేవాళ్ళు. అక్కడి పేరు చదివితే మిగతా సగం.

మా నాన్న మిసాక్ ఇక్కడి పేరు మనిషి. ఉత్త మనిషి కూడా కాదు, మరాష్ వీధి క్లబ్బుకి ప్రెసిడెంటు. జిరాయర్ వాళ్ళ నాన్న ఒన్నిక్ మామయ్య అక్కడి పేరు మనిషి, పక్కనున్న సీస్ వీధి క్లబ్బుకి ప్రెసిడెంటు. మా బుర్జ్ హమ్మూద్‌లో వీధులన్నిటికీ పోగొట్టుకున్న ఊళ్ళ పేర్లే. నాన్న టైలరు, మామయ్య బూట్లు కుడతాడు. ఇద్దరూ కాందిశీకుల గుడారాల్లో పక్కపక్కన పెరిగారు. టర్కీవాళ్ళు ఊళ్ళోంచి తరిమినప్పుడు మామయ్య అమ్మానాన్నా దారిలోనే పోతే, మా నానమ్మ వార్తెర్ ఆయనకీ మా నాన్నకీ ఒకే రేకు గిన్నెలో పెట్టి పెంచింది. అలాంటివాళ్ళు చీలిక వచ్చాక మాటలు మానేశారు. నాన్న మడమలు అరిగిన బూట్లతోనే తిరిగాడు గానీ ఇంకో కొట్టు గుమ్మం ఎక్కలేదు. మామయ్యా అంతే, మోచేతులు చిరిగిన కోటు అట్లాగే తొడుక్కుని తిరిగాడు, ఇంకో టైలరు దగ్గరికి పోలేదు.

మా నిశ్చితార్థం మటుకు నానమ్మ పోరు పెట్టి చేయించింది. వసంతంలో, ఇంకా తుపాకులు రాకముందు.

ఎండలు ముదిరేసరికి బేరూత్ అంతా కాల్పులు మొదలయ్యాయి. అమెరికా సైనికులు పడవల్లోంచి బీచిలో దిగారట. ఆ పెద్ద గొడవ చాటున మా చిన్న గొడవ కూడా కోరలు తెచ్చుకుంది. మరాష్ వీధికీ సీస్ వీధికీ మధ్య ఇసక బస్తాలు లేచాయి. రొట్టెల బట్టీలో పనిచేసే సెరోప్ అనే కుర్రాడు పిండి చేతుల్తోనే వీధిలో పడి చచ్చిపోయాడు. కాల్చింది టర్కీవాడు కాదు, ఇంకోడు కాదు, మనవాడే. ఎటువైపు మనవాడన్నది మాత్రం ఇప్పటికీ ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబుతారు. ఆ వేసవి మా నాన్న కుట్టిన ప్రతి కోటుకీ లోపలి జేబు పెద్దదిగా పెట్టమని అడిగేవాళ్ళు. ఎందుకని ఆయన అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

“పేరు మన పేరే చదవాలి. లేకపోతే పెళ్ళి లేదు,” అన్నాడు నాన్న ఒకరోజు, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

నానమ్మ కూరడానికి వంకాయలు తొలుస్తోంది. “ముందు ఆ సూదులు తీసి మాట్లాడు. మింగి చస్తావు,” అంది. టర్కీ భాషలో అంది.

“అమ్మా, ఆర్మేనియన్‌లో.”

ఇది మా ఇంట్లో రోజూ ఉండే రగడే. నాన్న క్లబ్బు గోడ మీద పెద్ద అక్షరాలతో ‘ఆర్మేనియన్ మాట్లాడు’ అని రాయించాడు. ఇంట్లో టర్కీ మాట వినపడితే ఒంటికాలి మీద లేచేవాడు. నానమ్మది మరాష్. అక్కడ మావాళ్ళకి టర్కీ తప్ప ఇంకో భాష లేదు. ఆమెకి ఆర్మేనియన్‌లో కంఠతా వచ్చినవి ప్రార్థనలే. దేవుడితో ఆర్మేనియన్, తక్కిన లోకమంతటితో టర్కీ. నాన్న ఆర్మేనియన్‌లో అడుగుతాడు, ఆవిడ టర్కీలో జవాబిస్తుంది. ఇద్దరికీ ఇద్దరి మాటా తెలుసు. ఏ ఒక్కరూ మెట్టు దిగరు.

“మనల్ని తరిమినవాళ్ళ భాష అది. నా ఇంట్లో వద్దు,” అన్నాడు నాన్న.

“నీకు జోల పాడింది ఆ భాషలోనే. అప్పుడు వద్దన్లేదేం? హాయిగా గుర్రు పెట్టి పడుకున్నావు.”

“పెళ్ళి సంగతి మాట్లాడుతున్నానమ్మా!”

“నేనూ అదే మాట్లాడుతున్నా. పిల్ల మొహం చూడు. పీక్కుపోయి ఎట్లా ఉందో. ఆ పేరాయన ఎవరో వచ్చి దీన్ని ఏలుకుంటాడా? ఏలుకునేది ఒన్నిక్ కొడుకు.”

నాన్న నా మొహం చూడలేదు. చూస్తే మెత్తబడతాడని ఆయనకీ తెలుసు.

నీళ్ళ పంపు ఇసక బస్తాల పక్కనే ఉండేది. బిందె వంకన పోతే అవతల జిరాయర్ నిలబడి ఉండేవాడు. చేతుల నిండా బూట్ల జిగురు వాసన. కాపలా కుర్రాళ్ళు మమ్మల్ని చూసి పాటలు అందుకునేవాళ్ళు. తుపాకీ చేతిలో ఉన్నా ఆ వెధవబుద్ధులు మాత్రం పోవు కదా.

“మా నాన్నదీ అదే పాట,” అన్నాడు జిరాయర్. “వాళ్ళ పేరు చదివితే పెళ్ళి పీట మీంచి నన్ను చెవి పట్టుకుని లాక్కుపోతాట్ట.”

“అయితే ఏం చేద్దాం?”

“సైప్రస్ పోదాం అరూస్. అక్కడ కచేరీలో సంతకం పెడితే పెళ్ళి. అయ్యగారూ లేడు, పేరూ లేదు.”

బిందె నిండి పొర్లిపోతోంది. “నానమ్మ పడవెక్కదు,” అన్నాను. “సముద్రమంటే ఆవిడకి చచ్చే భయం. నానమ్మ లేకుండా నేను చేసుకోను.”

అతను కోప్పడలేదు. “నేనూ అట్లాగే అనుకున్నా,” అని బస్తాల మీంచి వంగి నా బిందె ఎత్తి చంకకి అందించాడు. నాకు కావలసింది పెద్దదేం కాదు. రెండిళ్ళవాళ్ళూ ఒక్క గుడిలో, ఒక్క గంటసేపు, లేచి పోకుండా నిలబడితే చాలు. ఆ వేసవిలో మా పేటలో అంతకన్నా గొంతెమ్మ కోరిక ఇంకోటి లేదు.

గుడి రెండు వీధులకీ మధ్యన ఉంది. అర్సెన్ అయ్యగారు మరాష్ ఊరి మనిషే, నానమ్మ ఈడు. మా నాన్నకీ, ఒన్నిక్ మామయ్యకీ పెళ్ళిళ్ళు చేసిందీ, నాకూ జిరాయర్‌కీ బాప్తిస్మం ఇచ్చిందీ ఆయనే. పొట్టి మనిషి, గడ్డం బొడ్డుదాకా. కాఫీ అంటే ప్రాణం. ఆగస్టులో ద్రాక్షపళ్ళ దీవెన అయిన మర్నాడు ఇద్దరు తండ్రుల్నీ గుడి వాకిట్లోకి పిలిచి రెండు కుర్చీలు వేశాడు. నాన్న తన కుర్చీని ఇటు తిప్పుకున్నాడు, మామయ్య అటు తిప్పుకున్నాడు. నేనూ నానమ్మా మెట్ల మీద కూచున్నాం.

“అయ్యగారూ,” అన్నాడు నాన్న గోడని చూస్తూ, “ఆయనతో చెప్పండి. మా పిల్ల పెళ్ళిలో రష్యావాళ్ళ పేరు వినపడటానికి వీల్లేదని.”

“అయ్యగారూ,” అన్నాడు మామయ్య ఇంకో గోడని చూస్తూ, “ఆయనతో చెప్పండి, నాకు చెవుడు లేదని. ఇంకోటి కూడా చెప్పండి. దేశాన్ని వదిలేసి అమెరికావాడి సంకెక్కినవాళ్ళు మాకు నీతులు చెప్పక్కర్లేదని.”

“ఒరే,” అంది నానమ్మ టర్కీలో, “మీ ఇద్దర్నీ ఒకే దుప్పట్లో పడుకోబెట్టాన్రా. ఇద్దరూ పక్క తడిపారు. ఎవడు తడిపాడో ఇప్పటికీ నాకు తెలీదు.”

కాపలా కుర్రాడొకడు పకపకా నవ్వాడు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి.

అర్సెన్ అయ్యగారు కాఫీ చివరి గుక్క తాగి కప్పు బోర్లించాడు. “చదివేది మీరా, నేనా?”

“మీరే.”

“అయితే ఆ బెంగ నాకొదిలెయ్యండి. మీకు బాధ కలిగే పేరు నా నోట రాదు.”

ఆ మాట ఎవరితో అన్నాడో ఆయనకే తెలియాలి. నాన్న ‘చూశావా, నా మాట నెగ్గింది’ అన్నట్టు మీసం సవరించుకున్నాడు. అటు చూస్తే మామయ్యా సవరించుకుంటున్నాడు. ఇద్దరూ సంతోషంగా ఇళ్ళకి పోయారు. మెట్ల దగ్గర నేను అయ్యగారి చెయ్యి పట్టుకున్నాను. “ఏ పేరు చదువుతారు? నాకు నిజం చెప్పండి.”

“నీకేం పేరు కావాలే?”

“నాకే పేరూ వద్దు.”

“నాకూ అంతే తల్లీ,” అన్నాడాయన. నాకు భయమే ఎక్కువైంది.

పెళ్ళి పట్టపగలు పెట్టుకున్నారు, పొద్దుగూకితే కాల్పులని. మరాష్ వీధి కుడివైపు, సీస్ వీధి ఎడమవైపు. అంత ఎండలో కూడా మగవాళ్ళెవరూ కోటు విప్పలేదు. మా వైపు కోట్ల లోపలి జేబులు ఎంత పెద్దవో నాకు తెలుసు. వాటికి గుండీలు కుట్టింది నేనే.

మా పెళ్ళిళ్ళలో కిరీటాలు పెట్టాక వధూవరుల నుదుళ్ళు ఒకదానికొకటి ఆనిస్తారు. పైన పెళ్ళిపెద్ద శిలువ పట్టుకుంటాడు. అందుకని నేను చూసింది జిరాయర్ ముక్కు మీది చెమట ఒక్కటే. తక్కినదంతా విన్నాను. అయ్యగారి గొంతు సన్నగా రాగం తీస్తోంది. మాకోసం అడిగాడు, పుట్టబోయే పిల్లలకోసం అడిగాడు, దారిలో పోయినవాళ్ళకోసం అడిగాడు. జిరాయర్ నా వేళ్ళు నొక్కాడు. వచ్చేసింది.

“ఇంకా, మా పీఠాధిపతి, పరిశుద్ధ తండ్రి…” అని అయ్యగారు ఆగాడు.

ఆగడమంటే ఊపిరికోసం ఆగడం కాదు, పూర్తిగా ఆగిపోయాడు. కుడివైపు బూట్లు కదిలాయి. ఎడమవైపు ఎవరో గొంతు సవరించుకున్నారు. పైన శిలువ వణికి నా కిరీటానికి తగిలింది. అయ్యగారు ఇంకా ఆగే ఉన్నాడు. దేవుడా, ఇప్పుడే ఏదో మోగబోతోంది అనుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి నానమ్మ గొంతు లేచింది, శుద్ధమైన టర్కీ భాషలో. “గట్టిగా చదువు నాయనా! ఎవరి పేరో నాకు వినపడలా!”

ముందు ఎవరు నవ్వారో తెలీదు. ఒన్నిక్ మామయ్యేనంటారు. ముక్కులోంచి బుస్సుమని వచ్చిందట. ఆ తర్వాత ఆడవాళ్ళందరూ, ఆ తర్వాత పాటల మేళం. నాన్న భుజాలు ఎగిరిపడటం అప్పుడు నుదురెత్తి ఓరగా చూశాను. గుళ్ళో టర్కీ మాటా అని ఆయన మొహం మండుతూనే ఉంది, నవ్వు మాత్రం ఆగట్లేదు.

“దేవుడికి వినపడిందిలే వార్తెర్,” అన్నాడు అయ్యగారు. “ఆమెన్ అను.”

“ఆమెన్,” అంది నానమ్మ. ఆమెన్ అన్నాయి రెండు వైపులూ. ఎవరూ లేచి పోలేదు.

నవ్వు రెండు రోజులు ఉంది. ఆ తర్వాత క్లబ్బుల్లో మీటింగులు పెట్టారు. పేరు చదవలేదంటే మనల్ని కాదన్నట్టే అని మరాష్ వీధిలో తేల్చారు. సీస్ వీధిలోనూ సరిగ్గా అదే మాట. రెండేళ్ళుగా చెత్త ఎత్తించే సంగతిలో కూడా ఒక మాట మీదకి రాని రెండు క్లబ్బులు, అర్సెన్ అయ్యగారిని వెళ్ళగొట్టే దగ్గర మాత్రం ఏకమయ్యాయి. చెయ్యెత్తమంటే ఇక్కడ నాన్నే ముందు ఎత్తాడట. అక్కడ మామయ్య.

అయ్యగారిని వెళ్ళగొట్టాక ఆ గుడి ఎవరిదన్నది తేలలేదు. మావాళ్ళు తలుపుకి ఒక తాళం వేశారు. దాని పక్కనే వాళ్ళొక తాళం వేశారు. ఒక తాళంచెవి నాన్న జేబులో, ఇంకోటి మామయ్య మొలతాట్లో. అయ్యగారు వెనక సందులో ఒక గది తీసుకుని కుర్చీలకి పేము అల్లి పొట్ట పోసుకున్నాడు. ఆయన మాత్రం ఎవరినీ ఒక్క మాట అన్లేదు.

“అర్సెన్ అయ్యగారే కదా మాకు పెళ్ళి చేసింది! ఆయన్ని ఎందుకు తీసేశారు?” అని ఒన్నిక్ మామయ్యని భోజనాల దగ్గర అడిగేశాను, కొత్త కోడల్నని కూడా చూడకుండా.

మామయ్య రొట్టె తుంచడం ఆపాడు. “ఒక వీధిని నడిపించాలంటే ఎటో ఒకవైపు నడవాలమ్మా. నడిమధ్యన నిలబడేవాడి వెనక ఎవడొస్తాడు?”

“ఆ రోజు అందరూ ఆమెన్ అన్నారుగా.”

ఆయన మళ్ళీ రొట్టె తుంచుకున్నాడు. జిరాయర్ బల్లకింద నా కాలు తొక్కాడు.

నాన్న నన్ను చూడటానికి రాలేదు. సీస్ వీధిలో అడుగు పెడితే క్లబ్బులో తల ఎత్తుకోలేనన్నాడట. వచ్చేది నానమ్మే. మూత పెట్టిన పళ్ళెం పట్టుకుని ఇసక బస్తాలు దాటి రోజూ వచ్చేది. కాపలా కుర్రాడు ఎవరన్నా అడ్డం పడితే, “నీ ముడ్డి కడిగిన చెయ్యిరా ఇది, పక్కకి తప్పుకో,” అనేది టర్కీలో. వాడు ఆర్మేనియన్ యోధుడు కదా, టర్కీ మాట అర్థమైందని ఒప్పుకోలేడు, అర్థం కాలేదని నిలబడనూ లేడు. తప్పుకునేవాడు.

చలిగాలి మొదలయ్యాక ఆవిడ రావడం తగ్గింది. దగ్గు పట్టుకుంది. ఈసారి నేనే బస్తాలు దాటి వెళ్ళాను. ఎముకల పోగులా మంచం మీద ఉంది, నోరు మాత్రం అట్లాగే ఉంది.

“మిసాక్,” అంది, “నా మీద మన్ను చల్లేది అర్సెనే. ఇంకెవణ్ణయినా తెచ్చావో, లేచి కూచుంటా.”

“అమ్మా, అది కుదరదు. క్లబ్బులో…” అని నాన్న ఆర్మేనియన్‌లో మొదలుపెట్టాడు.

“గుళ్ళోంచే తీసుకుపోవాలి. సందులోంచి కాదు.”

ఆవిడ మర్నాడు పొద్దున పోయింది.

క్లబ్బువాళ్ళు వచ్చి నాన్నకి ఖచ్చితంగా చెప్పేశారు. మంచి అయ్యగారిని పట్నం నుంచి తెప్పిస్తాం, అందరం వస్తాం. ఆ ముసలాణ్ణి తెచ్చావంటే ఒక్కడూ రాడు, ఇక నువ్వు ప్రెసిడెంటువీ కావు. నాన్న వాళ్ళకి కాఫీ ఇమ్మన్నాడు. తాను తాగలేదు. వాళ్ళు పోయాక మిషను మీది గుడ్డ మడిచి పెట్టాడు. తర్వాత కోటు తొడుక్కుని, అరిగిన బూట్లు వేసుకుని బయల్దేరాడు. నేను వెనకే వెళ్ళాను. ఇసక బస్తాల దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు.

మామయ్య కొట్లో నోటినిండా మేకులు పెట్టుకుని మడమ కొడుతున్నాడు.

“ఒన్నిక్,” అన్నాడు నాన్న. మధ్యలో అయ్యగారు లేకుండా, తిన్నగా ఆయనతోనే. “అమ్మ పోయింది.”

మామయ్య మేకులు ఒక్కొక్కటే అరచేతిలోకి ఉమ్మాడు. నాన్న బూట్ల వంక చూశాడు. నాన్న ఆయన మోచేతుల వంక చూశాడు. మామయ్య మొలతాడు తడిమి తాళంచెవి బయటికి తీశాడు.

“పద.”

రెండు తాళాలూ తుప్పు పట్టి ఉన్నాయి. ఒకళ్ళు తలుపు లాగి పట్టుకుంటే గానీ రెండోవాళ్ళ చెవి తిరగలేదు.

క్లబ్బువాళ్ళు అన్నంత పనీ చేశారు. మగవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది వచ్చారు. ఆడవాళ్ళు మాత్రం రెండు వీధుల్నుంచీ వచ్చారు. నానమ్మ చేతి వంట తినని ఇల్లు లేదు మరి. వాళ్ళకి కుడి ఎడమలు గుర్తులేవు, ఎక్కడ చోటుంటే అక్కడ నిలబడ్డారు. నాన్నా మామయ్యా శవపేటిక తల దగ్గర, ఇద్దరూ ఒకవైపే నిలబడ్డారు. అర్సెన్ అయ్యగారి వేళ్ళనిండా పేము గీరిన గాట్లు. గొంతు ఇంకా సన్నబడింది.

నానమ్మ కోసం అడిగాడు. దారిలో పోయినవాళ్ళకోసం అడిగాడు. బట్టీ కుర్రాడు సెరోప్ కోసం కూడా పేరు పెట్టి అడిగాడు.

“ఇంకా, మా పీఠాధిపతి, పరిశుద్ధ తండ్రి…” అని ఆగాడు.

పెళ్ళిలో ఆగినచోటే ఆగాడు. ఈసారి ఎవరి బూట్లూ కదల్లేదు. అందరం ఎదురుచూస్తున్నాం. పేరు కోసం కాదు. రావాల్సిన గొంతు రాదని తెలిసి కూడా దానికోసమే ఎదురుచూస్తున్నాం.

నాన్న పేటిక అంచు గట్టిగా పట్టుకున్నాడు.

“గట్టిగా చదవండి అయ్యగారూ,” అన్నాడు. “ఎవరి పేరో మా అమ్మకి వినపడలా.”

ఆ మాట ఆయన టర్కీలో అన్నాడు. మరాష్ యాస కూడా ఎక్కడికీ పోలేదు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఒక్కసారి ఆ భాషలో పలికితే విందామని చూసింది, పలకలేదు.